దవాఖాన విడిచి పోయినోళ్లు

పాలమూరు దవాఖానల నేను డ్యూటీకి చేరిన మొదటి పొద్దున ఆడోళ్ల వార్డుల ముప్పై ఒక్క మంది ఉండాలె. రిజిష్టరు అట్లనే చెప్తున్నది. మూడుమాట్ల లెక్కపెట్టిన. మంచాల మీద, మంచాల నడుమ చాపల మీద కలిపి ఇరవై ఎనిమిది మందే తేలిన్రు. బాత్రూంల దిక్కు పోయి చూసిన, వెనుక నల్లా కాడ చూసిన. లేరు. చేరిన నాడే ముగ్గురిని పోగొట్టుకున్ననా అని మల్ల రిజిష్టరు తెరిచిన.

డ్యూటీ దిగిపోయే నర్సు చెప్పులు తొడుక్కుంటనే అన్నది: "ముగ్గురు ఫరారు. పేర్ల ముందట రాసి సంతకం పెట్టు."

"ఫరారంటె?"

"పోయిన్రు. ఇంకేముంటది."

ఆమె నడుచుకుంట పోయింది. నేను కలం పట్టుకొని అట్లనే కూసున్న. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు మా దిక్కు ఫరారు అంటె పోలీసులకు దొరకకుండ గుట్టలల్ల తిరిగెటోళ్లు. జరమొచ్చిన ఆడమనిషి, కడుపునొప్పి ఉన్న ఆడమనిషి ఫరారెట్ల అవుతది? ఎడ్లబండ్ల మీద ఒకటి రెండు దినాలు ప్రయాణం చేసి వస్తరు. మందు ఊరికెనే ఇస్తరు, తిండి ఊరికెనే పెడతరు. సగం నయమయినంక, కొందరైతె ఇంక నయం కాకముందుకే, ఎవరికి చెప్పకుండ ఎందుకు పోతరు? ఆ పొద్దు సంది అది నా తలల పురుగులెక్క దొలుస్తనే ఉన్నది.

నేను నర్సునైన సంగతి జర చెప్పాలె. మా బాపుకు గొర్ల మంద ఉండె. దేవరకొండల మా మేనత్త ఇంట్ల ఉండి చదువుకున్న. హైదరాబాదుల నర్సు ట్రైనింగుకు పోత అంటె మా అమ్మ మూడు దినాలు నాతోని మాట్లాడలే. కులం లేని రోగాలు, ఊరుపేరు తెలియని మొగోళ్ల ఒళ్లు ముట్టుకునే పని అని ఏడ్చింది. బాపు మాత్రం, "గొర్రెకు పుండుల పురుగులు పడితె మనం చేత్తోనే తీస్తం గదనే. మనిషికి తీస్తె తప్పేంది?" అన్నడు. గంతే. ట్రైనింగు అయిపోయినంక నన్ను పాలమూరుకు వేసిన్రు. నాతోని చదివినోళ్లల్ల చానమంది హైదరాబాదుల ఉండెటందుకే చూసిన్రు. పాలమూరు అంటె కరువు, ఎండ, నీళ్లు లేని జాగా అని పేరు. నన్నడిగితె నేను పుట్టింది కూడ అసొంటి జాగలనే గనుక నాకు భయం లేకుండె.

ఆడోళ్ల వార్డుకు పొద్దుగాల ఒక నర్సు, సాయంత్రం ఒక నర్సు. రాత్రి పూట ఒక్కరే ఆడోళ్ల వార్డు, మొగోళ్ల వార్డు రెండు చూడాలె. తోడుగ ఒక ఆయమ్మ. ఎవరన్న సెలవు పెడితె మిగిలినోళ్ల డ్యూటీలు కలిసిపోతయి. మా అందరి మీద పెద్ద సిస్టర్ ఉండె. కేరళ మనిషి, యాభై దగ్గర ఈడు, లావు అద్దాలు. పాలమూరు వచ్చి ఎన్ని ఏండ్లయిందో ఆమెకే లెక్క లేదు. ఇంగ మాట్లాడితె తెలుగు, ఉర్దూ, ఆమె సొంత భాష మూడు కలిసి ఒక్క నోట్లకెల్లే వచ్చేవి. పోయినోళ్ల గురించి నేను అడుగుతె ఆమె సూదులు ఉడకబెట్టుకుంట అన్నది:

"ఉన్న పేషెంట్‌ని చూస్తావా, పోయిన పేషెంట్ వెనక పోతావా? రెండు పని ఒక మనిషి చెయ్యదు."

నిజమే. అయినా నా బుద్ధి ఊకోలే.

చేరిన నెలకో ఏమో పెద్ద డాక్టరు సాబు మమ్ముల పిలిపిచ్చిండు. ఆయన హైదరాబాదు మనిషి, నెరిసిన మీసాలు, ఎప్పుడు మెల్లగ మాట్లాడేటోడు. ఇంతమంది ఎందుకు ఫరారు అవుతున్నరని పైనుంచి కాయిదం వచ్చిందట. గేటు కాడ చౌకీదారును పెట్టిన, చిట్టీ లేకుండ ఎవరిని బైటికి ఇడవడు అని చెప్పిండు. ఆ మాట వింటుంటె నాకు నవ్వొచ్చింది గని ఆపుకున్న. దవాఖాన వెనుక గోడ కూలి ఉండె. ఆ సందులకెల్లి మేకలు లోపలికొస్తయి, పేషెంట్లు బైటికి పోతరు.

"సార్, ఎందుకు పోతున్నరో ఎవరన్న అడిగిన్రా?" అన్న.

"పోయినోళ్లను ఎట్ల అడుగుతవమ్మా? అడిగెటందుకు వాళ్లు ఉండాలె గద."

"ఉన్నోళ్లను అడుగుత సార్."

ఆయన నా మొకం దిక్కు జర సేపు చూసిండు. "అడుగు. పని చెడకుండ అడుగు."

కట్టు కడుతుంటె అడిగిన, సూది వేస్తుంటె అడిగిన, గంజి తాపిస్తుంటె అడిగిన. ఒక్కొక్కరు ఒక్క తీరు చెప్పిన్రు. వాన పడ్డది, ఆముదాలు విత్తెటందుకు ఇంటికాడ మనిషి లేదని ఒకామె. మూడు పూటలు అన్నమే పెడితె కడుపు నిండినట్టే అనిపిస్తలేదు, జొన్నరొట్టె లేకుంటె నేను బతకనని ఇంకొకామె. ఈ మంచాలు ఎత్తు, కండ్లు మూస్తె పడిపోత అనిపిస్తది, వారం దినాల సంది నిద్ర లేదని ఒక ముసలామె. పెద్ద సిస్టర్‌కు చెప్తె ఆమె కస్సుమంటదనుకున్న. అనలే. ఎత్తు మంచమంటె భయపడేటోళ్లకు కింద పరుపు వేపిచ్చింది. ఇంటోళ్లు జొన్నరొట్టె తెచ్చిస్తె చూసి చూడనట్టు ఇడిసిపెట్టింది. దాంతోని పోయేటోళ్లు జర తగ్గిన్రు. అయితె కొందరు ఎందుకు పోతున్నరో మాత్రం దొరకలే. ఇంటికాడ పని లేనోళ్లు, తిండి సరిపోయినోళ్లు, పొద్దుగాల నాతోని నవ్వుకుంట మాట్లాడినోళ్లు కూడ మాపటికి లేకుండ పోతుండిరి.

అట్ల ఉండంగనే నారాయణపేట దిక్కుకెల్లి ఒక బాలింతను తీసుకొచ్చిన్రు. మగ్గాలు నేసే ఇంటి కోడలు, ఇరవై ఏండ్లుంటయో ఉండయో. కాన్పయిన నాలుగో దినానికి జరం పట్టుకున్నది. వెంట అత్త వచ్చింది. సన్నగ, నిలువుగ, మాట మీద మాట వేయని మనిషి. పసిగుడ్డును ఆమెనే ఒళ్లె పెట్టుకొని కూసునేది. కిటికీ కాడి మంచమిచ్చినం. పెన్సిలిన్ సూదులు నడుస్తున్నయి. వారం రోజులకు జర నిమ్మళమైంది, మల్ల ఒక పొద్దున జరం ఎగబాకింది. పెదవులు ఎండిపోయినయి, చూపు ఒక్క జాగల నిలుస్తలేదు. డాక్టరు సాబు సూదులు పెంచి, కండ్లు ఆర్పకుండ చూడాలె అని చెప్పి పోయిండు.

కండ్లు ఆర్పకుండ చూడాలంటె నా బల్ల దగ్గర ఉండాలె. నా బల్ల తలుపు కాడ. బల్లను ఆనుకొని ఒక మంచం. రోగం బాగ ముదిరినోళ్లను మేము ఎప్పుడు ఆ మంచం మీదికే మార్పిచ్చేది. ట్రైనింగుల కూడ అట్లనే నేర్పిన్రు. ఆయమ్మ, నేను కలిసి ఆ బాలింతను మెల్లగ ఎత్తి తలుపు కాడి మంచం మీద పండుకోబెట్టినం. అత్త మూటను దగ్గరికి గుంజుకున్నది. అది చూసిన గని అర్థం చేసుకోలే.

పగటి బువ్వల యాళ్లకు ఆపరేషన్ అయిన ఒకామెకు వాంతులైతె అవతలి కొసకు పోయిన. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడిచి పెట్టి ఉన్నది.

ఆ జరంతోని ఇంటికి పోతె ఆ పిల్ల బతకదు. పెద్ద సిస్టర్ కాడికి ఉరికిన. ఆమె చేతులున్న రిజిష్టరు కింద పెట్టి, "బస్‌స్టాండ్ చూడు. నేను వార్డ్‌ల ఉంటాను. పో" అన్నది. వార్డు ఇడిసిపెట్టి పొమ్మని ఆమె నాకు చెప్పుడు అదే మొదలు.

తెల్ల చీర, నెత్తి మీద టోపీ పెట్టుకొని ఎండల ఉరుకుతుంటె బజారంత నన్నే చూసింది. బస్టాండుల రేకుల కింద వాళ్లు దొరికిన్రు. కోడలు మూటకు ఆనుకొని కండ్లు మూసుకొని ఉన్నది. అత్త ఒళ్లె పసిగుడ్డు ఏడుస్తున్నది. నన్ను చూసి అత్త లేవలే, దాచుకోలే.

"ఎక్కడికి పోతున్నవమ్మా? ఇంక సూదులున్నయి గద."

"ఇంటికి."

"జరం తగ్గలే గదమ్మా."

"తగ్గితె ఇంటికాడ తగ్గుతది. లేకుంటె ఇంటికాడ పోతది."

నేను ఆమె పక్కన కింద కూసున్న. "నేనేమన్న తప్పు చేసిననా? చెప్పమ్మా. కోపం చేయ."

"నువ్వు మంచిదానివే. ఆ మంచమే మంచిది కాదు."

"ఏ మంచం?"

నాకు నిజంగనే తెలియదా, తెలిసి అడుగుతున్ననా అన్నట్టు ఆమె నా కండ్లల్లకు చూసింది. "తలుపు కాడిది. మేమొచ్చి తొమ్మిది దినాలు. ఈ తొమ్మిది దినాలల్ల ముగ్గురిని ఆ మంచం మీదికి మార్పిచ్చిన్రు. ముగ్గురు పోయిన్రు. పొద్దుగాల నా కోడలిని మార్పిచ్చినవ్. నేనేమనుకోవాలె?"

ముగ్గురు పోయింది నిజమే. వాళ్లల్ల ఇద్దరి కండ్లు నేనే మూసిన. అయితె ఆ మూడు చావులను ఒక్క మంచంతోని కలిపి నేనెన్నడు చూడలే. వార్డుల ముప్పై జతల కండ్లు పొద్దంత పని లేక అదే చూస్తున్నయి.

"అమ్మా, ఆ మంచం నా బల్ల పక్కన ఉంటది. నేను ఒక్కదాన్నే. ఎక్కువ బాగలేనోళ్లు నా కండ్ల ముందట ఉండాలెనని అక్కడికి తెస్తం."

"అంటె ఇది పోతదని నీకు ముందే తెలుసన్నట్టేనా?"

"పోతదని కాదమ్మా. పోవద్దని."

ఆమె నమ్మలే. బస్సు వచ్చింది. జనం మూటలు పట్టుకొని లేచిన్రు. ఆమె కూడ లేచింది. అప్పుడు కోడలు కండ్లు తెరిచింది. "అత్తా, నాకు నేల తిరుగుతున్నది" అని ఆమె కాళ్లు పట్టుకున్నది. అత్త బస్సు దిక్కు చూసింది, కోడలి దిక్కు చూసింది. పసిగుడ్డును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నది.

"కిటికీ కాడి పాత మంచమే ఇస్తవా?"

"ఇస్త."

"మల్ల ఎవరొచ్చి చెప్పినా మార్పియ్యవు గద?"

"మార్పియ్య. నా మీద ఒట్టు."

టాంగా మాట్లాడి ముగ్గురిని వెనక్కి తెచ్చిన. ఒట్టు వేసిన గని, తీసుకొచ్చినంక తెలిసింది నా కష్టం. కిటికీ కాడి మంచం నా బల్లకు ఆ కొసన ఉన్నది. నడుమల అంతమంది జనం. నేను కూసున్న జాగలకెల్లి ఆ పిల్ల మొకం కనబడది. గడియకోసారి పోదామంటె ఎవరో ఒకరు నడుమల ఆపుతరు.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలవ్వ ఉండె. కల్వకుర్తి దిక్కు మనిషి, మా లెక్కనే గొర్లు కాసే ఇంటిది. అరికాలుల తుమ్మముల్లు ఇరిగి, చీము పట్టి, కాలు మోకాలు దాక వాసి వచ్చింది. నెల దాటింది, పుండు మానుతున్నది. పోతనన్న మాట ఒక్కనాడు ఎత్తలే. నేను ఆమె కాడ కూసొని అడిగిన.

"అవ్వా, నాకొక పని చేసిపెడతవా? ఈ పిల్లను జర చూస్తవా? వణుకు పుడితె, ఊపిరి జోరుగ తీస్తె, మాట తడబడితె నన్ను పిలువు."

అవ్వ నవ్వింది. "నువ్వు నాకు చెప్పాలెనా బిడ్డా? నిన్న ఈ వరుసల ఎవలు నీళ్లు ముట్టలే, ఎవలు గోడ దిక్కు తిరిగి పండుకున్నరు, ఎవలు ఏడ్చిన్రు, అడుగు చెప్త."

"నీకెట్ల తెలుసు?"

"ఇన్నూరు గొర్లల్ల నెమరెయ్యంది ఒక్కటుంటె నాకు తెలుస్తది. రోగమొచ్చిన గొర్రె అరవది బిడ్డా. అరిచేదానికి ఏం కాదు. సప్పుడు చేయకుండ పక్కకు జరిగినదాన్నే పట్టుకోవాలె."

నేను పుట్టి పెరిగింది గొర్ల నడుమ. అయినా వార్డుల ఎవరు గట్టిగ పిలిస్తె వాళ్ల దిక్కే ఉరికేదాన్ని. అవ్వ చేతికి ఒక ఎనామిల్ గిలాస, చెంచ ఇచ్చిన. ఏమన్న ఉంటె ఠంగుమని కొట్టుమని చెప్పిన. ఆ పొద్దు అవ్వ రెండుమాట్ల కొట్టింది. రెండుమాట్ల ఆ పిల్లకు చలివణుకు మొదలైన యాళ్లకే నేను పక్కన ఉన్న. తెల్లారి ఇంకో నలుగురి మీద కూడ ఒక కన్నేసి పెట్టుమని అడిగిన. అవ్వ అయిదుగురిని చూసింది.

మూడో దినం పొద్దున డాక్టరు సాబు రౌండుకు వచ్చిండు. పెద్ద సిస్టర్, నేను ఆయన వెనుక ఉన్నం. అప్పుడే ఠంగు ఠంగుమన్నది.

"ఏంది ఆ సప్పుడు?"

దాచుకుంట ఎందుకని అంత చెప్పిన. ఆయన మొకం ఎర్రబడ్డది. "పేషెంటుతోని పేషెంటును చూపిస్తున్నవా? రేపు ఏమన్న అయితె జవాబెవరు చెప్పాలె?"

వెనుకకెల్లి పెద్ద సిస్టర్ అన్నది, "జవాబ్ నేను చెప్తా సార్. నాకు తెలుసు, నేను వద్దు అనలేదు."

ఆమెకు నేను చెప్పనే లేదు. ఎట్ల తెలిసిందో, ఎప్పటి సంది చూస్తున్నదో.

డాక్టరు సాబు అవ్వ మంచం కాడికి పోయిండు. "ఎందుకు కొట్టినవ్?"

అవ్వ ఆయనకు భయపడలే. "ఆ నాలుగో మంచం బిడ్డ రాత్రి సంది ఒంటికి పోలే సాబు. కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతున్నది. అడుగుతె సిగ్గుపడి ఏం లేదంటది."

నాలుగో మంచం ఆమె ఆపరేషన్ అయిన మనిషి. పొద్దుగాల ఎట్లున్నదని నేను అడిగితె బాగనే ఉన్న అన్నది. నేను బాగ అనే రాసుకున్న. డాక్టరు సాబు ఆమె పొత్తికడుపు ఒత్తి చూసిండు. కుండలెక్క గట్టిగ ఉన్నది. గొట్టం వెయ్యమని పెద్ద సిస్టర్‌కు చెప్పి, బైటికి పోతపోత ఆగి, అవ్వను మల్ల ఒకసారి చూసిండు. నన్ను తిట్టలే. ఆ కాడికి నాకు తిట్టినదానికంటె ఎక్కువ సిగ్గైంది.

పగటిపూట మా ఇద్దరిని తన అర్రలకు పిలిచిండు. తిడతడనుకున్న. బల్ల సొరుగు గుంజి కాయిదాల కట్ట తీసి మా ముందట పెట్టిండు. అన్ని ఆయన పైకి రాసిన ఉత్తరాల నకళ్లు. నర్సులు కావాలె, ఇంతమందికి ఒక్కరు సరిపోతలేరు అని ఉర్దూల కొన్ని, ఇంగ్లీషుల కొన్ని. అన్నిట్ల అడిగింది ఒక్కటే.

"నలుగురు నర్సులను పంపుమని అడిగిన. పోయిన ఎండాకాలం అది పంపిన్రు," అని గోడ దిక్కు చూపించిండు. కొత్త గోడ గడియారం. పెద్ద సిస్టర్ ముందుగ నవ్వింది. ఆయన కూడ నవ్విండు. నేను చేరినంక ఆయన నవ్వుడు అప్పుడే మొదటిసారి చూసిన. అప్పటిదాక ఆయన మా మీద కాయిదాలు పంపే మనిషని మాత్రమే తెలుసు. ఆయనకు మీదికెల్లి కాయిదాలు వస్తయని, ఆయన కూడ ఒక్కడే ఉన్నడని నాకు తట్టలే.

అప్పుడు తలుపు కాడి మంచం సంగతి చెప్పిన. బస్టాండుల ఆ అత్త అన్న మాటలు ఉన్నయి ఉన్నట్టు చెప్పిన. ఆయన కాయిదాల కట్టను మల్ల సొరుగుల పెట్టిండు. తర్వాత, "ముప్పై ఏండ్ల సంది డాక్టరును. ప్రతి దవాఖానల అట్లనే పెట్టిపిచ్చిన," అన్నడు.

ఆ మాపటికే నా బల్లను వార్డు నడుమకు జరిపిచ్చిన్రు. అక్కడికెల్లి రెండు కొసలు కనబడతయి. ఎవరి మంచం మార్చే అక్కెర లేకుండ పోయింది. బల్లను మార్చినం గని ఆ మంచం పేరు పోలే. ఇరవై మందికి మంచాలు లేక చాపల మీద పండుకుంటున్న కాలంల ఆ మంచం ఒక్కటి దినాల తరబడి ఖాళీగ ఉండె. ఇస్త అంటె "వద్దమ్మా, నేలనే బాగున్నది" అనేటోళ్లు. మా ఆయమ్మ కూడ దాని మీద దుప్పటి పరిచేటప్పుడు ముణివేళ్లతోని పరిచేది.

ఒకనాడు పగటిపూట, అందరు మేల్కొని ఉన్న యాళ్లకు, పెద్ద సిస్టర్ వార్డులకు వచ్చింది. చెప్పులు ఇడిసింది, టోపీ తీసి బల్ల మీద పెట్టింది, అద్దాలు తీసి నా చేతికిచ్చింది. పోయి ఆ మంచం మీద వెల్లకిల పండుకున్నది. ముప్పై మంది ఆడోళ్లు లేచి కూసొని ఆమె కడుపు పైకి కిందికి ఆడుతున్నదా లేదా అని చూసిన్రు. కొంచెం సేపటికి ఆమె నిజంగనే నిద్రపోయింది. గురక కూడ పెట్టింది. ఒక గంట పొద్దు పోయినంక లేచి, నడుము పట్టుకొని, "మంచం మంచిదే. పరుపే మంచిది లేదు" అన్నది.

పని అయిందనుకొని నేను సంబురపడ్డ. కట్టు కడుతుంటె ఒకామెను అడిగిన, ఇప్పుడు భయం పోయిందా అని.

"ఆమెది మన దేశం కాదు గద నర్సమ్మా. ఆమె సంగతి వేరు" అన్నది.

పెద్ద సిస్టర్‌కు చెప్తె నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నది.

చివరికి అవ్వనే తెగిచ్చింది. కొత్తగ వచ్చిన ఒక బాలింతకు కిటికీ కాడ గాలి తగిలే జాగా కావాలె. "నా మంచం ఆమెకియ్యి. నేను తలుపు కాడ పండుకుంట" అని కర్ర పట్టుకొని తనంతట తనే నడిచింది. పక్కలోళ్లు వద్దన్నరు. "పోతె నా యీడుకు పోయే కాలమే. పోకుంటె మీరందరు నోరు మూసుకోవాలె" అన్నది. పన్నెండు దినాలు పండుకున్నది. ఆ పన్నెండు దినాలు పొద్దుగాల లేవంగనే వార్డంత ముందుగ అవ్వ మొకమే చూసేది. పదమూడో దినం కొడుకు బండి కట్టుకొని వస్తె కర్ర లేకుండ మెట్లు దిగి బండెక్కింది. ఆ మాపటికి చాప మీదున్న ఒకామె మెల్లగ వచ్చి, ఆ మంచం నాకియ్యి నర్సమ్మా అని అడిగింది.

నారాయణపేట బాలింతకు అంతకు ముందే జరం దిగింది. పోయే నాడు అత్త పసిగుడ్డును నా చేతులల్ల పెట్టి, మూటలు సర్దుకునే దాక ఎత్తుకొమ్మన్నది. సర్దుకునుడు అయిపోయినా ఎంటనే తీసుకోలే. నా దగ్గరనే ఉంచి బిడ్డ మొకం చూసుకుంట నిలబడ్డది.

డాక్టరు సాబు ఫరారు రిజిష్టరుల పేర్ల పక్కన ఒక గడి గీపిచ్చి, ఎందుకు పోయిన్రో తెలిస్తె అక్కడ రాయుమన్నడు. రాసుకుంట వచ్చిన. పోయేటోళ్లు చాన తగ్గిన్రు, పూర్తిగ ఆగలే. విత్తనాల కాలంల ఆపుడు ఎవరితోని కాలే. అయితె ఒక్క పేరు ముందట "తెల్వదు" అని రాసిన. అది నన్ను ఇడవలే.

ఆమె దేవరకొండ దిక్కు పల్లె మనిషి. ఆముదం వండుతుంటె నూనె ఒలికి కుడి చెయ్యి కాలింది. మంచి ఓపిక. కట్టు విప్పుతుంటె పండ్లు కరుచుకునేది గని కుయ్యిమనేది కాదు. వేళ్లు ఒకదానికొకటి అంటుకోకుండ నడుమల దూది పెట్టి కట్టేదాన్ని. ఇంక పది దినాలు కట్టాలె. ఒకనాడు పగటిపూట చూస్తె లేదు. జొన్నరొట్టె ఇబ్బంది లేదు, మంచం భయం లేదు, ఇంటికాడ పని అత్త చూసుకుంటదని ఆమెనే చెప్పింది. అవ్వ ఉంటె అడిగేదాన్ని. అవ్వ అప్పటికే ఇంటికి పోయింది.

సీతాఫలాల కాలంల సెలవు పెట్టి ఇంటికి పోయిన. దేవరకొండ అంగడిల ఆమె గంప ముందట పెట్టుకొని పండ్లు అమ్ముతున్నది. ఎడమ చేత్తోని. కుడి చెయ్యి కొంగు కింద ఉన్నది. నన్ను ముందుగ ఆమెనే గుర్తుపట్టింది. సిగ్గుపడి లేచి నిలబడ్డది.

"అక్కా, చెయ్యి చూపియ్యి."

చూపిచ్చింది. మూడు వేళ్లు లోపలికి ముడుచుకొని అతుక్కపోయినయి.

"ఎందుకు పోయినవ్ అక్కా? పది దినాలుంటె ఇట్ల అయ్యేది కాదు గద."

ఆమె నేల చూసుకుంట చెప్పింది. "ఆ పొద్దు నువ్వు ఒక్కదానివే ఉన్నవ్. ఇంకో నర్సమ్మకు జరమొచ్చి రాలేదంటిరి. నా కట్టు విప్పెటందుకు మూడుమాట్ల వచ్చినవ్. మూడుమాట్ల ఎవరో పిలిస్తె పోయినవ్. పొద్దుటి సంది బువ్వ తినలే నువ్వు. ఆయమ్మ మూతపెట్టిన గిన్నె అట్లనే ఉండె. నేను తినేదాన్ని, తిరిగేదాన్ని. ఇంక ఈమె మీద నేనెందుకు పడాలె, ఒక్క మనిషి తగ్గితె ఒక్క కట్టన్న తగ్గుతది గద అనుకున్న."

అంగడిల జనం మా ఇద్దరి పక్కకెల్లి పోతున్నరు. ఎవరో పండ్ల ధర అడిగి జవాబు రాక పోయిన్రు. ఏ భయమో, ఏ మొండితనమో అనుకొని నేను ఇన్ని నెలలు తల పగలగొట్టుకున్న. నా మీద జాలితోని ఒక మనిషి తన చెయ్యి పోగొట్టుకుంటదని నాకెట్ల తడతది? ఏడుపొచ్చింది. ఆమెనే నన్ను ఊకుంచింది.

సెలవు ముగిసినంక ఆమెను నాతోనే బస్సుల తీసుకొచ్చిన. డాక్టరు సాబు చెయ్యి తిప్పి తిప్పి చూసి, చిట్టీ రాసి హైదరాబాదుకు పంపిండు. రిజిష్టరు తెచ్చి, "తెల్వదు" కొట్టేసి ఆమె చెప్పింది రాయుమన్నడు. రాసిన. ఆయన దాన్ని రెండుమాట్ల చదువుకొని, నకలు తీసి, ఆ వారం పైకి పంపిన ఉత్తరానికి గుచ్చి పంపిండు.

సంక్రాంతి దాటినంక మాకు ఇద్దరు కొత్త నర్సులు వచ్చిన్రు. ఆ కాయిదం చూసే పంపిన్రో, ఊరికెనే వచ్చిన్రో నేను కనుక్కుందామని చాన చూసిన, ఎవరు చెప్పలే. ఇద్దరిట్ల ఒకామె వానకాలం రాకముందే బదిలీ చేయించుకొని పోయింది. ఇంకొకామె నిలబడ్డది.

హైదరాబాదుల ఆపరేషన్ చేసి ఆ అక్క వేళ్లు ఇడిపిచ్చిన్రు. రెండు వేళ్లు బాగనే సాగినయి. మూడోది సగమే తెరుచుకున్నది. ఆమె తిరిగొచ్చి చూపిస్తె, ఆ సగం వేలును దినం నూనె రాసి సాగదీసుకొమ్మని నేను చెప్పిన, ఎట్ల సాగదియ్యాలెనో ఆమె చెయ్యి పట్టుకొని చూపిచ్చిన.